ఏరు దాటిన రోగి ఎవరి లెక్క?

నిధులు తగ్గుతున్నాయని తెలిసిన రోజున ఏ ఆరోగ్య సంస్థ అయినా మొదట కత్తెర వేసేది రాతకోతల ఖర్చుకే. నర్సును తీసెయ్యలేరు, మందులు ఆపలేరు, అంబులెన్సులో డీజిల్ పోయకుండా ఉండలేరు. ఇక మిగిలేది నివేదిక రాసే మనిషి, కరపత్రం అచ్చు, విలేకరులకూ అధికారులకూ సంగతి చెప్పే పని. ‘‘ఇప్పుడు ప్రచారమెందుకండీ, ప్రాణాలు నిలిపితే చాలు’’ అంటారు. సేవాసంస్థలకు అర్జీలూ నివేదికలూ రాసిపెట్టడం నా పని కనుక ఈ మాట తరచూ నా చెవిన పడుతుంది. అన్నవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ సిరొంచ వైపు తిరుగుతున్న కొద్దీ, చెప్పుకోవడం మానేస్తే ప్రాణాలు నిలపడానికి డబ్బే రాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సిరొంచ మహారాష్ట్రకు చిట్టచివర. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురొడ్డు. బజారులో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి ఊళ్లలో గోండి, మాడియా. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదిలాక ఎగువ గోదావరి జిల్లాకు ఇదే ముఖ్యపట్నం. ఆ వైభవం పోయి చాందా జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడితే అందులో దక్షిణపు కొస అయింది. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే ఆలాపల్లి అడవి గుండా రెండు వందల కిలోమీటర్ల పైమాట. అదే ప్రాణహిత మీద వంతెన దాటితే తెలంగాణ. అందుకే నొప్పులు మొదలైన ఆడమనిషి, పాము కరిచిన రైతు, డయాలసిస్ కావలసిన ముసలాయన దక్షిణం వైపే చూస్తారు. భూపాలపల్లి, మంచిర్యాల, వరంగల్.

‘‘గడ్చిరోలి పోవుడంటే దినమంత తొవ్వలనే పోతది బిడ్డా. వరంగల్ల మన మాట మాట్లాడుతరు’’ అని చెప్పిందొక పెద్దమ్మ. ఆమె కోడలి కాగితాలన్నీ చీరల దుకాణం కవరులో ఉన్నాయి. ఆశా కార్యకర్త ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు మరాఠీలో ఉంది. వరంగల్ దవాఖాన ఓపీ చీటీ ఇంగ్లీషులో. స్కానింగ్ బిల్లు, రక్తపరీక్షల కాగితాలు, వాటి మధ్య ఆటో అతని ఫోన్ నంబరు రాసిన సిగరెట్ పెట్టె అట్ట. ఆ కార్డులో ఏడో నెల దాకా గళ్లు నిండి ఉన్నాయి, ఆ తర్వాతివి ఖాళీ. ఓపీ చీటీలో చిరునామా దగ్గర ‘మహారాష్ట్ర’ అని ఒక్క ముక్క. బిడ్డ ఎంత బరువుతో పుట్టింది, ఎన్ని రోజులు అద్దాలపెట్టెలో ఉంది, ఇంటివాళ్లు ఎంత అప్పు చేశారు అనేవి ఈ రాష్ట్రం కాగితాల్లోనూ లేవు, ఆ రాష్ట్రం కాగితాల్లోనూ లేవు. ఈ జిల్లాకు ఆమె వచ్చి చూపించుకోని గర్భిణి, ఆ జిల్లాకు బయటి మనిషి. ఖాళీ గడికి ఏ ప్రభుత్వమూ బడ్జెట్ ఇవ్వదు.

ఇదే జిల్లాలో, ఉత్తరాన, లెక్కపెట్టడం ఎంత బలమైన పనో దేశానికి చూపించినవాళ్లున్నారు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986లో గడ్చిరోలి వచ్చి ‘సెర్చ్’ సంస్థను నిలబెట్టారు. రాణీ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి, వాళ్లలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉందని 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. పల్లె ఆడదాని ఆరోగ్యం అంటే అంతవరకూ సర్కారుకు కాన్పూ, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ మాత్రమే. తెల్లబట్ట, నడుంనొప్పి అని వాళ్లు చెప్పుకుంటున్న బాధలు ఏ ఫైలులోనూ ఎక్కలేదు. ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే తప్ప ఎక్కవు కూడా.

వాళ్ల పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక పూసల చట్రం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు, ఆపైన ఏడాది లోపు బిడ్డ యాభై సార్లు ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలి. అంతవరకు లెక్కపెట్టడం రాని మంత్రసాని ఏం చేయాలి? ఆమె కోసం ఇసుక గడియారం బిగించిన చిన్న చట్రం తయారు చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. పది వరకు లెక్క వస్తే చాలు. ఇసుక పూర్తిగా జారకముందే చివరి పూస జరిగిందా, మందు మొదలుపెట్టాల్సిందే. ఆరోగ్య సమాచారం అంటే రంగురంగుల పోస్టర్ అనుకునేవాళ్లకు నేను ఈ చట్రం సంగతే చెబుతాను. వైద్యశాస్త్రం చెప్పిన అంకెను తీసుకెళ్లి, అక్షరం రాని చేతిలో పనికొచ్చేలా పెట్టారు. అదీ ఈ వృత్తి.

ఆ ఊళ్ల నుంచే ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ అనే పద్ధతి పుట్టింది. 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పురిటిబిడ్డలను చూసుకునేలా చేస్తే, మూడో ఏడాదికి నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999 డిసెంబరులో లాన్సెట్‌లో ఆ వ్యాసం వచ్చింది. 2011లో కేంద్ర ప్రభుత్వం దాన్ని దేశమంతటా ఆశాల ద్వారా మొదలుపెట్టింది. దవాఖానలో కాన్పయితే ఆరు సార్లు, ఇంట్లో అయితే ఏడు సార్లు ఆశా ఇంటికెళ్లి బిడ్డను చూడాలి, అందుకు 250 రూపాయలు. ఆ పనికి 250 చాలా తక్కువని నేను గట్టిగా అంటాను. అయినా ఇవాళ సిరొంచ తాలూకా గూడెంలో ఒక ఆశా అక్క బిడ్డ చంకలో థర్మామీటరు పెడుతోందంటే, దాని వెనక వ్యాసం రాసినవాళ్లు, పట్టు వదలకుండా ఢిల్లీ దాకా చెప్పినవాళ్లు ఉన్నారు. వైద్యం చేసి ఊరుకుని ఉంటే అది 39 ఊళ్లలోనే ఆగిపోయేది.

2001లో ఇంకో పని జరిగింది. సెర్చ్‌తో పాటు మహారాష్ట్రలోని మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి పిల్లల చావులను ఊరూరా లెక్క తీసి ‘కోవళీ పానగళ’ పేరుతో నివేదిక వేశాయి. సర్కారు రిజిస్టర్లలోకి ఎక్కుతున్నవి జరుగుతున్న చావుల్లో కొంత భాగమేనని అందులో తేలింది. పత్రికలు పట్టుకున్నాయి, సభలో ప్రశ్నలొచ్చాయి, చివరికి ప్రభుత్వమే అభయ్ బంగ్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఒక్క సంస్థ చెబితే ‘మీ ఊళ్లలో అలా ఉందేమో’ అని తోసేసేవాళ్లు. అన్నీ కలిసి ఒకే పద్ధతిలో లెక్క తీశాయి కనుక తోసెయ్యడం కుదరలేదు.

మన వైపూ ఇలాంటి కథ ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న ఆడవాళ్ల వాచకంలో సారా మీద పోరాడిన స్త్రీల పాఠం ఒకటి పెట్టారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి తెలిసిందే. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. గడ్చిరోలిలో మద్యనిషేధం కూడా 1993లోనే. జిల్లా అభివృద్ధికి ప్రభుత్వం ఏడాదికి పెట్టే ఖర్చు కంటే జనం తాగుడుకు పోస్తున్నది ఎక్కువని అక్కడ లెక్కతీసి ఊరూరా చెప్పారు. తాగొద్దని ఉపదేశం చేస్తే ఎవరు వింటారు? మన ఊరి డబ్బు ఎటు పోతోందో చూపిస్తే వింటారు. ఏటి అవతల నుంచి సిరొంచలోకి సీసాలు దొంగచాటుగా రావడం ఇప్పటికీ ఆగలేదు, నిజమే. అయినా నిషేధం ఎత్తేయాలన్న మాట వచ్చినప్పుడల్లా వద్దని తీర్మానం చేసిన గ్రామాలు ఆ జిల్లాలో వందల్లో ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021–22 జాతీయ ఆరోగ్య ఖాతాల్లో అది 1.84 శాతం దగ్గరుంది. ఇక విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ సేవాసంస్థల పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడాన్నీ ఆపేసింది. పెద్ద సంస్థల ద్వారా నాలుగు రూపాయలు అందుకుని అడవి అంచున క్లినిక్ నడిపే చిన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగితే హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం నడిచే ‘మిత్ర్’ క్లినిక్ మూతపడింది. రాజధాని నగరం కాబట్టి అది వార్త అయింది, అవ్వాలి కూడా. సిరొంచ వైపు వారానికి రెండుసార్లు వచ్చే మందుల జీపు ఒకసారికి తగ్గితే ఏ పత్రికలోనూ రాదు. హేమల్‌కసాలో 1973 నుంచి నడుస్తున్న లోక్ బిరాదరీ సంస్థకు ఆమ్టే కుటుంబం పేరుంది, సెర్చ్‌కు బంగ్ దంపతుల పేరుంది. పేరు లేని చిన్న సంస్థ గొంతు ఎవరు వినాలి?

సరిహద్దు అన్నాక ఇంతే అని సరిపెట్టుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజన అనే మహారాష్ట్ర పథకం 2012 జులైలో వేరే పేరుతో మొదలైనప్పుడు తొలి విడత ఎనిమిది జిల్లాల్లో గడ్చిరోలి ఒకటి. 2023లో అదే ప్రభుత్వం కర్ణాటకలో ఉన్న 865 గ్రామాల మరాఠీ జనానికి ఈ పథకాన్ని వర్తింపజేయాలని నిర్ణయించి 54 కోట్లు కేటాయించింది. అంటే వైద్య పథకం రాష్ట్రం గీత దాటగలదు. దశాబ్దాలుగా ఆ ఊళ్లవాళ్లు తమ మాట వినిపిస్తూనే ఉన్నారు, అందుకని దాటింది. సిరొంచ తెలుగువాళ్లు మహారాష్ట్ర పౌరులే, ఓటు అక్కడే, పన్ను అక్కడే. వాళ్లకు దగ్గరి పెద్దాసుపత్రి పక్క రాష్ట్రంలో ఉండటం వాళ్ల తప్పు కాదు.

అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి. ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులకు పక్క రాష్ట్రంలో కూడా, పథకంలో చేరిన ఆసుపత్రిలో, కార్డు చెల్లే ఏర్పాటు ఉంది. ఆ కార్డు జేబులో పెట్టుకునే వరంగల్‌లో బంగారం తాకట్టు పెట్టినవాళ్లను నేను చూశాను. ఎవరూ చెప్పలేదు, చెప్పినా వాళ్ల భాషలో చెప్పలేదు. ఇక్కడ కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది, ఏ కౌంటర్ దగ్గర ఎవరిని అడగాలి, ఆసుపత్రిలో చేరేముందే ఏ కాగితం చూపాలి అని తెలుగులో, గోండిలో ఒక పేజీ చాలు. సంతలో పంచిపెట్టి, చదవలేనివాళ్లకు ఆశా అక్క చదివి వినిపిస్తే సరిపోతుంది. సెర్చ్ ఆసుపత్రిని ఆదివాసులు తమ గుడిసెల్లాంటి గదులతో కట్టమన్నారు, తమ దేవత దంతేశ్వరి పేరు పెట్టమన్నారు. అలాగే కట్టారు, అదే పేరు పెట్టారు. జనం భాషలో చెప్పడం అంటే ఎంత దూరం వెళ్లాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

చిన్న సంస్థల వాళ్లు సలహా అడిగితే నేను ముందు రిజిస్టర్ దగ్గర కూర్చోబెడతాను. ఏరు దాటి వెళ్లిన ప్రతి రోగికీ ఒక వరుస: ఏ ఊరు, ఏ జబ్బు, ఎక్కడికి వెళ్లారు, ఎలా వెళ్లారు, ఎంత ఖర్చయింది, తిరిగొచ్చాక ఎలా ఉన్నారు. పేరు గుట్టుగా ఉండాలి. ఏడుస్తున్న బిడ్డ ఫొటో ముఖచిత్రంగా వెయ్యమని దాతలు అడిగినా నేను ఒప్పుకోను. జబ్బుపడిన మనిషికి ఇల్లుంది, ఊరుంది, పరువుంది. ఊరివాళ్ల ముందు నిలబడి చూపించగలిగిన ఫొటో ఒక్కటి, ఒక ఏడాది లెక్క ఒక్క పేజీలో ఉంటే ఎమ్మెల్యే అయినా, కలెక్టరయినా చదువుతారు. నలభై పేజీల నివేదిక బీరువాలోకి పోతుంది.

అడిగే వేళ కూడా తెలియాలి. డిసెంబరులో శాసనసభ నాగపూర్‌లో కూర్చుంటుంది. విదర్భ సమస్యలు వినడానికి అదే అదను. మార్చిలో ముంబైలో బడ్జెట్ పెడతారు, దానికి ముందు చలికాలంలో జిల్లా నియోజన సమితి వచ్చే ఏడాది ఖర్చు గీస్తుంది. ఏప్రిల్‌లో పట్టుకెళ్లిన అర్జీకి అధికారి మర్యాదగా టీ ఇప్పిస్తాడు, అంతే. అడిగేది కూడా ఒకటో రెండో ఉండాలి. పదహారు కోర్కెల చిట్టా ఇస్తే సులువైనది ఒకటి తీర్చి మిగతావి మరిచిపోతారు.

ఈసారి నాగపూర్ సమావేశాలకు సిరొంచ వైపు సంస్థలు కలిసి వెళ్లాలని నా కోరిక. వరంగల్, మంచిర్యాల, భూపాలపల్లి పెద్దాసుపత్రులను జన ఆరోగ్య యోజన జాబితాలో చేర్చాలి. సిరొంచ, అహేరి, భామ్రాగఢ్ తాలూకాల్లో తల్లీబిడ్డల కార్డు మరాఠీతో పాటు తెలుగులోనూ అచ్చువెయ్యాలి, పక్క రాష్ట్రంలో జరిగిన కాన్పు వివరం ఎక్కించే గడి అందులో పెట్టాలి. ఈ రెండే అడగాలి. వెళ్లేవాళ్లలో ఒక ఆశా అక్క తప్పకుండా ఉండాలి, ముందు ఆమే మాట్లాడాలి. ఆ రోజు ఆమెకు పోయే కూలీ, బస్సు చార్జీ సంస్థ పద్దులో ‘ప్రచారం’ కింద రాయాల్సి వస్తే రాసెయ్యండి. ఆడిటర్ అడిగితే నేనొచ్చి చెబుతాను.