ఇంటికొచ్చాక మూడో రోజు

శస్త్రచికిత్స అనంతర సమస్యలకు బీజం ఆపరేషన్ థియేటర్లోనే పడినా, అవి బయటపడేది చాలాసార్లు రోగి ఇల్లు చేరాకనే. కోత పెట్టిన చోట చీము పట్టడాన్ని వైద్యులు సర్జికల్ సైట్ ఇన్‌ఫెక్షన్ అంటారు. ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోగా, మోకీలు మార్పిడి వంటివాటిలోనైతే 90 రోజుల్లోగా కనిపించినది ఆ లెక్కలోకే వస్తుంది. మణికొండలో పిత్తాశయపు రాళ్లకు లాపరోస్కోపీ చేయించుకున్నవారు మర్నాడో ఆ మర్నాడో అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కేస్తున్నారు గనక, ఆ 30 రోజుల్లో దాదాపు 28 ఆసుపత్రి కంట పడకుండానే గడిచిపోతాయి.

మణికొండ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరగ్గా, ఇళ్లకు వెళ్లాక ఇన్‌ఫెక్షన్‌తో అస్వస్థులైన వారిలో నలుగురు రోజుల వ్యవధిలోనే మరణించారు. మిగిలినవారిని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించారు. ఆపరేషన్ ఎంత చిన్నదైనా పరికరాల శుద్ధి చిన్న పని కాదు. లాపరోస్కోపును గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టి, సూక్ష్మజీవులు లేని నీటితో కడిగితే గాని తర్వాతి రోగికి వాడకూడదు. బయట వరుస పెరిగేకొద్దీ ఆ 20 నిమిషాలే అందరికీ బరువవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు, మత్తు ఇచ్చే ముందు, కోతకు ముందు, రోగి థియేటరు దాటే ముందు బృందాన్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగిస్తుంది: పేషెంటు ఈయనేనా, యాంటీబయాటిక్ గడచిన గంటలోపు పడిందా, గాజుగుడ్డల లెక్క సరిపోయిందా. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు. ఇందులో వింతేమీ లేదు. ప్రశ్నను పైకి అడగడం వేరు, కేసు ముగిశాక ఒకే పెన్నుతో గళ్లన్నిటికీ టిక్కులు పెట్టడం వేరు.

థియేటరు దాటాక మిగిలేది ఫోనే. మూడో రోజున నర్సు చేసే ఫోనులో జ్వరమొచ్చిందా, కుట్ల చుట్టూ ఎరుపు పాకిందా, ఒక్క కాలి పిక్కే వాచిందా అని అడగాలి. చివరిది లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనన్న అనుమానంతో వేసే ప్రశ్న. కానీ అడ్మిషన్ ఫారంలో ఉండేది సాధారణంగా అటెండెంటు నంబరు, అంటే ఆ వేళకు హైటెక్ సిటీలో మీటింగులో ఉన్న కొడుకుది. అతనేమో "అమ్మ బానే ఉందండీ" అని పెట్టేస్తాడు.