పుస్తకం – ప్రచారం – పాఠకుడు

అభ్యుదయ సాహిత్యం మీద వచ్చిన తొలి ఆరోపణల్లో ఒకటి, అది ప్రచార సాహిత్యమని. ఆ ఆరోపణకు మనం దశాబ్దాలుగా సమాధానం చెబుతూనే ఉన్నాం. ఇవాళ అదే మాట మరో అర్థంలో మన ముందు నిలబడింది. రచనలో ప్రచారం ఉండవచ్చునా అన్నది నిన్నటి ప్రశ్న. తన రచనకు రచయితే ప్రచారం చేసుకోవచ్చునా అన్నది నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు. కవిత్వానికి, విమర్శకు పెట్టుబడి పెట్టే ప్రచురణకర్తలు అరుదు. కనుక రచయితే జీతం డబ్బులతో అయిదువందల ప్రతులు వేయించుకుంటాడు. కొన్ని ఆవిష్కరణ సభలో పోతాయి, కొన్ని సంతకాలతో మిత్రులకు పోతాయి, మిగిలినవి మంచం కిందికి చేరతాయి. నా వ్యాస సంపుటి గతీ అంతే అయింది.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ప్రకటనల రంగంలో పనిచేస్తున్నాడు. నా అట్టపెట్టెలు చూసి ఒక ప్రణాళిక రాసిచ్చాడు. నెల ముందు ఫేస్‌బుక్‌లో ముఖచిత్రం, రోజుకొక నాలుగు వాక్యాల కార్డు, యూట్యూబ్‌లో నా గొంతుతో ఒక పేజీ, వాట్సాప్ స్టేటస్, పేరున్నవారి ప్రశంసలు, చివర కొంత డబ్బు కట్టి పోస్టును మరింతమందికి చూపించడం. "రాయడం నా పని, అమ్ముకోవడం కాదు" అన్నాను. "మరి మీ పుస్తకాన్ని చదివేవాడి దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆలోచిస్తే నా అభ్యంతరంలో ఆదర్శం కన్నా అలవాటే ఎక్కువ కనిపించింది. మన ప్రబంధాల అవతారికలు ఏమిటి? కవి తన వంశాన్ని, ప్రతిభను చెప్పుకుంటాడు, సుకవులను స్తుతిస్తాడు, కుకవులను నిందిస్తాడు, కృతిభర్తను ఆకాశానికెత్తుతాడు. రాజును ఒప్పించడానికి సిగ్గుపడని సంప్రదాయానికి వారసులమైన మనం సామాన్య పాఠకుణ్ణి పిలవడానికి సిగ్గుపడటం ఏ విలువల అవశేషం? వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకుపోయి అమ్మాడు. ఆయనకది వ్యాపారం కాదు, ఉద్యమంలో భాగం. కాబట్టి పుస్తకాన్ని జనంలోకి తీసుకుపోవడం రచయితకు చిన్నతనం కాదు.

అయితే ఆ ప్రణాళికను యథాతథంగా ఆమోదించలేకపోయాను. కారణం డబ్బు కాదు, రూపం. నాలుగు వాక్యాల కార్డును విమర్శకుడిగా పరిశీలించండి. కవితలోంచి దానికి ఎక్కేది ఏది? విడిగా నిలిచే నినాదం, లేదా విడిగా మెరిసే ఉపమానం. కవితలోని సంఘర్షణ, సందేహం, చరణం నుంచి చరణానికి సాగే ఆలోచన కార్డులో ఇమడవు. కొన్నాళ్లకు కవి కార్డు కోసమే నాలుగు వాక్యాలు రాసి, మిగతా కవితను వాటికి తోకగా తగిలిస్తాడు. ఇటీవలి సంపుటాలు కొన్నింటిలో ఈ లక్షణం నాకు స్పష్టంగా కనిపించింది. సరుకు తన రూపాన్ని రచన మీద రుద్దడమంటే ఇదే.

రెండో ప్రమాదం విమర్శకు. ఒక మిత్రుని సంపుటి సగమే చదివి, ఆయన మొహమాటపెడితే నేనూ "తప్పక చదవాల్సిన పుస్తకం" అని రాశాను. దాని కింద అభినందనలు వరసకట్టాయి. మిగతా సగం చదివాక నాకు గట్టి అభ్యంతరాలు కలిగాయి. కానీ అప్పటికే నోరు కట్టేసుకున్నాను. ఆ సంపుటి మీద రాయవలసిన వ్యాసం ఈనాటికీ రాయలేదు. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో, 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. ఆ పీఠిక పుస్తకాన్ని కొనమనదు, ఆ కవిత్వాన్ని ఎలా ఎదుర్కోవాలో చెబుతుంది. పుస్తకం రాకముందే ఆ గేయాలు పత్రికల్లోనూ నోళ్లలోనూ తిరుగుతున్నాయి. అంటే పుస్తకం కన్నా ముందే పాఠకలోకం తయారైంది. ప్రణాళిక అంటే అదీ.

ఇక ఆ వేదికల స్వభావం. ఫేస్‌బుక్ నడిపే కంపెనీ ఆదాయంలో అత్యధిక భాగం ప్రకటనలదే. మన మాట ఎవరికి కనిపించాలో నిర్ణయించేది దాని లెక్కలే. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. అక్కడ పడే లైకులను పాఠకుల సంఖ్యగా భావిస్తే అది ఆత్మవంచన అవుతుంది. అలాగని ఆ వేదికలను వదిలేస్తే, వాటిని అశ్లీలానికీ విద్వేషానికీ అప్పగించినట్లే.

చివరికి కుర్రవాడూ నేనూ కూర్చుని ప్రణాళికను తిరగరాశాం. కార్డులకు బదులు వారానికొక పూర్తి వ్యాసం, దాని వెనుక సందర్భం. ప్రశంసలకు బదులు, విభేదించేవారికి ముందుగా ప్రతులు, వారి మాటలు యథాతథంగా ప్రకటించడం. ధర, పేజీలు, తెప్పించుకునే మార్గం ప్రతిసారీ స్పష్టంగా చెప్పడం. ఉపాధ్యాయ మిత్రులకు, ఊరి గ్రంథాలయాలకు, తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు విడివిడిగా రాయడం. లైకులు కాక, పోస్టులో వెళ్లిన ప్రతులను లెక్కపెట్టడం.

ప్రతులన్నీ అమ్ముడుపోయాయని చెప్పను. మంచం కింద ఇంకా రెండు పెట్టెలున్నాయి. కానీ నాకు ముఖం తెలియని ఒక విద్యార్థిని నా వ్యాసంలోని ఒక నిర్ధారణను ఖండిస్తూ నాలుగు పేజీలు రాసింది. ఆమె చెప్పింది చాలావరకు నిజం. మలిముద్రణ అంటూ వస్తే ఆ వ్యాసం మారుతుంది. సభలో శాలువా కప్పిన మిత్రులెవరూ నాకు ఆ మేలు చేయలేదు.

ఇది ఒక్కొక్క రచయిత ఒంటరిగా మోయవలసిన బరువు కాదు. మన శాఖలు ఏడాదికి కొన్ని పుస్తకాలనైనా ఎంచుకుని, చదివి, చర్చించి, ఆ చర్చనే జనం ముందుకు తీసుకుపోతే, ప్రచారానికీ విమర్శకూ మధ్య పెరిగిన దూరం తగ్గుతుంది. నా వంతుగా, పూర్తిగా చదవని పుస్తకం గురించి ఇకపై ఒక్క వాక్యమైనా రాయను. రాయకుండా ఆపుకున్న ఆ వ్యాసం మాత్రం ఈ సెలవుల్లో పూర్తిచేస్తాను.