ముందుగా నానబెట్టుకున్న పప్పు

“ముందుగా నానబెట్టుకున్న పెసలు ఒక కప్పు. తరిగి పెట్టుకున్న ఉల్లిపాయలు రెండు.” పత్రికల మహిళా పేజీల్లో ‘అరగంటలో రాత్రి భోజనం’ తరహా శీర్షికల కింద ఇలాంటి వాక్యాలు మనం ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాం. వాటికిప్పుడు కొత్త సందర్భం ఒకటి వచ్చి చేరింది. పిల్లలు సాయంత్రం ఆటలకు వెళ్తున్నారు. ఒకరికి షటిల్, ఒకరికి స్కేటింగ్, ఒకరికి క్రికెట్ కోచింగ్. ఎనిమిదింటికి ఆకలితో నకనకలాడుతూ ఇల్లు చేరతారు. అప్పటికి తేలిగ్గా, త్వరగా, బలంగా ఉండే భోజనం తల్లి ఎలా సిద్ధం చెయ్యాలి? వారానికి సరిపడా పట్టిక, ఆదివారమే చేసిపెట్టుకోవలసిన పనులు, ఆట ఉన్న రోజుకొకటి, లేని రోజుకొకటి.

ఈ రాతల్ని ఎవరూ సాహిత్యంగా చదవరు. నేను కాసేపు అలా చదవాలనుకుంటున్నాను. ఎందుకంటే అందులోని తెలుగు చాలా విషయాలు చెబుతుంది.

పై వాక్యాల్లో కర్త లేదు. వంట రాసే పద్ధతే అంత. వేయించాలి, దించాలి, పక్కన పెట్టాలి. ఎవరు అన్న ప్రశ్న పుట్టదు, అందరికీ తెలుసు కనక. రెండోది ‘కొను’. తన కోసం తాను చేసుకునే పనికి మనం వాడే అనుబంధ క్రియ అది. వండింది అనడానికీ వండుకుంది అనడానికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. నలుగురి కోసం చేసే వంటని మాత్రం ఈ పేజీలు ఎప్పుడూ ‘చేసుకోవాలి’ అనే అంటాయి. మూడోది, నా దృష్టిలో అసలైంది, ‘నానబెట్టుకున్న’ అనే మాట. క్రియాజన్య విశేషణం. నానబెట్టడం ఇక్కడ పని కాదు, అది పెసల గుణమైపోయింది. పెసలు పచ్చగా ఉన్నట్టే నానబెట్టి కూడా ఉన్నాయి! అరగంట లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. నిన్న రాత్రి పదకొండింటికి, రేపు ప్రాక్టీసు ఉందని గుర్తొచ్చి, మంచం దిగి, పెసలు కడిగి నీళ్లు పోసిన మనిషి ఆ విశేషణం అడుగున ఎక్కడో ఉంది.

ఆ మనిషిని నేనే అయినందువల్ల ఈ వ్యాకరణం నాకు ఇంత పట్టింది. మేముండేది గుంటూరులో. మా అమ్మాయికి పదకొండేళ్లు. వారానికి ఐదు రోజులు సాయంత్రం షటిల్ కోచింగ్. ఆ ఆట ఆపమని అనే ప్రసక్తే నాకు లేదు. ఆ వయసులో నేను మా ఊరు ప్రత్తిపాడులో ఖోఖో ఆడేదాన్ని, పెద్దమనిషినయ్యాక మాన్పించారు. మాన్పించడానికి ఎవరూ కేకలు వేయలేదు, కొట్టలేదు. సాయంత్రాలు ఇంట్లో నాకు పని చూపించారు, అంతే. కాబట్టి కూతురు రాకెట్ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటే దృశ్యం నాకు రాజకీయమైనది కూడా. ఆ రాజకీయానికి రాత్రి భోజనం ఎవరు వండాలన్నది చాలాకాలం నాకు ప్రశ్నగా తోచలేదు.

నా సహచరుడు అమ్మాయిని స్కూటర్ మీద తీసుకెళ్తాడు, రెండు గంటలు కోర్టు బయట కూచుంటాడు. ఆ పని నలుగురికీ కనబడుతుంది, మెచ్చుకోలు కూడా దొరుకుతుంది. వంటలో సాయానికీ వెనకాడే మనిషి కాదు. “ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తాను” అంటాడు. ఆ ‘చెప్పు’ అన్నచోటే నేను అలిసిపోతాను. 2019లో అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికన్ సోషియలాజికల్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ అలసటని విడమరిచింది. ఇంటి పనిలో ఆలోచనకు సంబంధించిన భాగాన్ని ఆమె నాలుగుగా చూసింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. ఆమె మాట్లాడిన దంపతుల్లో నిర్ణయం తరచుగా ఇద్దరిదీ. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా భార్యలవే. మన దేశంలో 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడిపారు, చేసే పురుషులు 97 నిమిషాలు. ఆ సర్వే రోజుని అరగంట ముక్కలుగా కోసి ఎవరేం చేశారో రాసుకుంది. కాలేజీ నుంచి వచ్చే బస్సులో కూచుని, ఫ్రిజ్‌లో పిండి పులిసిపోయిందా, గుడ్లు ఎన్ని ఉన్నాయి అని లెక్క కట్టుకునే నా అరగంట అలాంటి పట్టికలో ‘ప్రయాణం’ కిందికే పోతుంది.

మరి మన సాహిత్యం ఈ లెక్కని పట్టుకుందా? స్త్రీవాద కవిత్వంలో వంటిల్లు అనగానే మనందరికీ విమల రాసిన ‘వంటిల్లు’ గుర్తొస్తుంది. బాల్యంలో రుచుల గుహగా కనబడిన గది పెద్దయ్యాక ఏమైందో చెప్పే కవిత. రాణిలా ఏలినట్టు కనబడే తల్లి వంటింట్లో గిన్నెల మీద చెక్కి ఉన్నది తండ్రి పేరని ఆమె చూపించినప్పుడు, మనలో ఎంతమందిమి ఇంటికెళ్లి గిన్నెలు తిరగేసి చూసుకున్నామో! పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో గృహిణికి తన పేరే గుర్తు రాదు. పాత స్నేహితురాలు శారదా అని పిలిచేదాకా రాదు. మా జిల్లా కొలకలూరులో పుట్టిన సత్యవతి గారు ఆ కథలో వాడిన మామూలు మాటల్లో అలకడం అనే పని ఎంత బరువెక్కుతుందో నేను ఏటా పాఠంగా చెబుతాను.

ఈ రెండింటిలోనూ వంటిల్లూ ఇల్లూ ప్రధానంగా స్థలాలు. నాలుగు గోడలు, మసి, గిన్నెలు, నేల. స్థలాన్ని విడిచి బయటికి రావచ్చు, కూల్చమని పిలుపివ్వవచ్చు. నాకిప్పుడు ఎదురవుతున్నది ఆ గది కాదు, గంటల పట్టిక. నేను వంటింట్లో గడిపే సమయం మా అమ్మ గడిపినదాంట్లో మూడోవంతు ఉంటుందేమో. వంటిల్లు నాలో గడిపే సమయం తగ్గలేదు. సులువు వంట చేతుల్లోంచి తీసిన పనిని తలలోకి ఎక్కించింది. దీన్ని కథగా రాయడం కష్టమని ఒప్పుకుంటాను. గుర్తు పెట్టుకోవడం అనే పనికి చప్పుడు లేదు, పొగ లేదు.

క్రీడాకారిణుల కథల్లో అయినా దొరుకుతుందేమోనని చూశాను. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచాక ఆమె బాల్యం గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీ దాకా రోజూ చేసిన ప్రయాణం ఇప్పుడు దాదాపు ఇతిహాసం. తండ్రి రమణ అర్జున అవార్డు పొందిన వాలీబాల్ ఆటగాడు. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. నేను చదివిన కథనాల్లో తెల్లవారుజాము ఉంది, కిలోమీటర్లు ఉన్నాయి, అన్నం మాత్రం లేదు. ఆ డబ్బా ఎవరు సర్దారు, ఏ వేళకి లేచి సర్దారు అని ఏ విలేకరీ అడిగినట్టు కనబడదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘దంగల్’ సినిమాలో ఒక్కచోట వంటిల్లు అడ్డు చెబుతుంది. కుస్తీ నేర్చుకునే కూతుళ్లకు కోడిమాంసం పెట్టాలని తండ్రి నిర్ణయిస్తాడు. తన వంటింట్లో అది వండటానికి వీల్లేదంటుంది తల్లి. సినిమా దాన్ని నవ్వుగా తేల్చేసింది. నాకు మాత్రం ఆ చిత్రంలో తల్లి మనిషిలా కనబడిన క్షణం అదే.

ఇక్కడిదాకా రాసి, ఇది పూర్తి వ్యాసమే అనుకున్నాను. నిజానికి నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో వంటింటి మీద ఒక అధ్యాయమే ఉంది. దానిలోనూ ఇంచుమించు ఇదే నడక. చల్లపల్లి స్వరూపరాణి తెలుగు దళిత స్త్రీల రచనల గురించి 1998లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. జూపాక సుభద్ర ఎన్నో వేదికల మీద అడిగారు, మీ వంటిల్లు మా అందరి వంటిల్లు కాదని. ఇవన్నీ నేను చదివాను, ఉటంకించాను కూడా. ఉటంకించడం వల్ల ఆ ప్రశ్న నా దగ్గరికి రాకుండా ఆగిందని ఇప్పుడు అనిపిస్తోంది.

నా సులువు వంట దేని మీద నిలబడిందో చూద్దాం. ఇడ్లీ పిండి వీధి చివర కొట్లో దొరుకుతుంది. రుబ్బేది ఒక స్త్రీ. మరీ ఆలస్యమైన రోజు కర్రీ పాయింటు. అక్కడ ముందు కూచుని డబ్బు తీసుకునేది మగమనిషి, వెనక కాయలు తరిగేది ముగ్గురు ఆడవాళ్లు. ఇవి కాక ప్రత్తిపాడు నుంచి అమ్మ పంపే కందిపొడి, గోంగూర పచ్చడి, ఏడాది కారం. వేడన్నంలో పొడి, నెయ్యి వేసి గుడ్డు అట్టు పక్కన పెడితే పది నిమిషాల్లో భోజనం. ఆ పది నిమిషాలకు వెనక అమ్మ వేసవి అంతా ఉంది. అమ్మ వేసవికి వెనక, మా చేలో మిరపకాయలు కోసిన మనుషులు ఉన్నారు. ఆ నల్లరేగడిలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాయకోతలు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని, ఆటోల్లో కిక్కిరిసి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ స్త్రీలే. వాళ్లు తిరిగొచ్చేది దీపాలు పెట్టే వేళకి.

కిందటి ఫిబ్రవరిలో ఊరెళ్లినప్పుడు అమ్మ నాకొక సంచీ ఇచ్చింది. మా అమ్మాయికి బిగుతైపోయిన బూట్లు. మా చేలో కోతకొచ్చే ఆమె కూతురు కబడ్డీ బాగా ఆడుతుందట, ఇచ్చి రమ్మంది. సాయంత్రం నాలుగున్నరకి కాలనీలో వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్లకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. బడి గౌను మీదే ఉంది. గ్యాస్ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్కన పళ్లెంలో గోంగూరాకు, కోసిన పచ్చిమిరపకాయలు.

“ఆటకి పోలేదా?”

“పోతానక్కా. అన్నం వార్చి, కూర పొయ్యి మీద పడేసి పోతా. అమ్మొచ్చేసరికి ఐపోవాల గదా.”

“రోజూ నువ్వేనా?”

“కోతలప్పుడు నేనే. లేనప్పుడు అమ్మ.” తర్వాత తనే వివరించింది, కాస్త గర్వంగానే. “గోగాకు రాత్రే వలిచి పెట్టుకుంటా. ఉల్లిపాయలు బడికి పోయేముందు కోసి మూతేసి పెట్టుకుంటా. ఐదున్నర లోపల గ్రౌండులో ఉంటే మాస్టారు ఏమనరు.”

వలిచి పెట్టుకుంటా, కోసి పెట్టుకుంటా. నా వంటల పేజీ వ్యాకరణమంతా ఆ పిల్ల నోట్లో ఉంది, విశేషణాలుగా మారకముందు, క్రియలుగా. మా ఇంట్లో కూతురి ఆట చుట్టూ వంట తిరుగుతుంది. ఇక్కడ వంట చుట్టూ కూతురి ఆట తిరుగుతోంది. ఆటల పిల్లలకు పెట్టవలసిన భోజనం గురించి రాసిన ఏ పేజీలోనూ ఆ భోజనం వండేది ఆడే పిల్లే అయ్యుండవచ్చన్న ఊహ నాకు కనబడలేదు. నా అధ్యాయంలో కూడా లేదు. బడిలో వండి పెట్టే మధ్యాహ్న భోజనం రాష్ట్రంలో 2003లో మొదలైంది. కోతల కాలంలో ఆ పిల్ల తాను చెయ్యి పెట్టకుండా కూచుని తినే వేడి అన్నం బహుశా అదొక్కటే. దాన్ని వండేదీ ఊళ్లోని ఆడవాళ్లే. వాళ్లకిచ్చేదాన్ని వేతనం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో అది నెలకు 1000 నుంచి 3000 అయింది.

ఇంకో మాట కూడా రాయాలి, రాయకుండా దాటెయ్యాలని రెండుసార్లు అనుకున్నాను. ఆ సాయంత్రం ఆ పిల్ల తల్లి ఇంటికి రాకపోవడానికి కారణం మా చేలో ఇంకా కోత అవలేదు. వాన మబ్బుంది, ఇవాళే అయిపోవాలని మధ్యాహ్నం ఫోన్లో మేస్త్రీకి గట్టిగా చెప్పింది మా అమ్మ. పక్కన నేను కూచుని ఈ వ్యాసానికే నోట్సు రాసుకుంటున్నాను. విమల కవిత చివరికొచ్చేసరికి పిల్లల్ని తెస్తుంది, ఒంటరి వంటిళ్లలోకి రాబోతున్న మన పిల్లల కోసమైనా వీటిని కూల్చాలంటుంది. ‘మన’ అన్న ఆ మాటలో మా అమ్మాయి హాయిగా ఇమిడింది, రాకెట్ పట్టుకుని బయటికి కూడా వెళ్లింది. ఈ పిల్ల ఇమడాలంటే నేను కూల్చవలసింది నా వంటింటిని ఒక్కదాన్నే కాదు. చేలో కోత ఎన్నింటికి ఆగాలి, ఆ రోజు కూలి ఎంత అన్నవి కూడా వంటింటి సాహిత్యంలోకి రావాలి. అమ్మతో ఆ రాత్రి ఈ మాట తెచ్చాను. “పీహెచ్‌డీ చేసినదానివి, కాయ తడిస్తే ధర ఎంత పడుతుందో నీకేం తెలుసే” అంది. అమ్మ అన్నదాంట్లోనూ నిజం ఉంది. మా ఇద్దరికీ ఆ సంభాషణ తెగలేదు.

బూట్లు ఆ పిల్లకి పట్టలేదు. సైజు అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. పదకొండేళ్ల పిల్ల బూట్లు పదమూడేళ్ల పిల్లకి ఎలా పడతాయి! “తమ్ముడికి ఐతాయిలే అక్కా. కబడ్డీ ఒట్టి కాళ్లతోనే గదా” అని సంచీ గోడవార పెట్టింది. అన్నం వార్చింది, గిన్నె దించింది, తాలింపు వేసి ఆకు పోసి మూత పెట్టింది. గౌను మార్చుకుని జడ పైకి కట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“టైమెంతక్కా?”

“ఐదూ పది.”

“ఐదు నిమిషాలాగి పొయ్యి కట్టెయ్యవా? ఆకు మెత్తబడితే చాలు.”

వెళ్లిపోయింది. నేను గడియారం చూసుకుంటూ పొయ్యి దగ్గర నిలబడ్డాను.