గ్రంథపాలకుని భయము

గ్రంథాలయమును దేవాలయమనియు, సరస్వతీ మందిరమనియు పిలుచుట మన కలవాటు. బెజవాడలో 1914 ఏప్రిల్ 10న తొలి గ్రంథాలయ మహాసభ జరిగిననాటినుండి ఈ భాష మన యుద్యమమున పెరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారును, 1935లో పడవపై గ్రంథములు నడపిన పాతూరి నాగభూషణముగారును జీతమున కాశపడి యీ పనికి పూనుకొన్నవారు కారు. వారి త్యాగమును మేము తక్కువ చేయము. కాని వారి త్యాగము నెలజీతముతో బ్రదుకువాని నోరు మూయించుటకు సాధనమైనచో మా కభ్యంతరము కలదు. జీతమాలస్యమైనదన్నను, సెలవు కావలెనన్నను, "ఇది సేవ గదా" యను ప్రత్యుత్తరమే! ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. పవిత్రవృత్తియను పేరు ఉద్యోగుల కష్టమును కప్పిపుచ్చుచున్నదని అమెరికాలో ఫోబాజీ ఎట్టార్ అను గ్రంథాలయోద్యోగిని 2018లో వ్రాసినది.

కృత్తివెన్నువంటి తీరగ్రామమున నొక శాఖా గ్రంథాలయము నూహింతము. ఉప్పుగాలికి అలమర తాళములు త్రుప్పుపట్టును, వానకారున అట్టలు బూజుపట్టును, చెదలు సరేసరి. తలుపు తీయుట, ఊడ్చుట, పత్రికలు పరచుట, చందాదారుల లెక్క వ్రాయుట, అన్నియు నొక్కరి పనులే. ఆ యొక్కరికి జ్వరము వచ్చిననాడు గ్రంథాలయమునకు తాళము. ఇంతవరకు కష్టమే కాని భయము కాదు. తనిఖీనాడు నాలుగు గ్రంథములు కనబడకపోయినచో వాని వెల తన జీతమునుండి పోవుననుటయే భయము. అంతట నాతడేమి చేయును? మంచి గ్రంథములను లోపలి యలమరలో బిగించును. పిల్లవాడు చేయి చాచగానే "ముట్టుకోకు బాబూ" యనును. మనము బయటికి వచ్చి, వీని స్వభావము మంచిది కాదందుము.

గ్రంథములు ఉపయోగము కొరకే యని రంగనాథన్‌గారు 1931లో ప్రథమసూత్రము చెప్పిరి. ఆ యైదు సూత్రములను గోడలకు వ్రేలాడదీసిన మనము, ప్రథమసూత్రము క్రిందనే ఆయన ఉద్యోగుల జీతమును, గౌరవమును గూర్చి చర్చించిన పుటలను మరచితిమి. ఆయనయు సేవాభావమును కొనియాడకపోలేదు. అయినను జీతమునకు బదులుగా దానిని చూపలేదు.

తలుపులు తెరచినచో దొంగతనములు పెరుగునని పెద్దలందురు. కొంత పెరుగవచ్చును. ఆ కొంతను ముందుగానే లెక్కలో వేసికొనవలెను. కేంద్ర ప్రభుత్వపు 2017 ఆర్థిక నియమావళిలో, ఏటా ఎరువిచ్చిన లేక సంప్రదించిన ప్రతి 1000 సంపుటములకు 5 పోయినను, అశ్రద్ధ, మోసము లేనప్పుడు, అది సహజనష్టమే. వేయి రూపాయలకు మించిన వెలగల గ్రంథము, అరుదైన గ్రంథము పోయిననే విచారణ తప్పదు. ఇది కేంద్ర కార్యాలయములకు చేసిన నియమము. పల్లె గ్రంథాలయమునకు ఇంతకన్న కఠినమైన ధర్మమేల? తనిఖీని ఇద్దరు కలిసి చేయుట, సెలవునాటికి మరొకరిని పంపుట, ఇవి పెద్ద వ్యయములు కావు. ఒంటరిగా పనిచేయు స్త్రీలకు మరియొక చిక్కు కలదు. పదిమందికన్న తక్కువ యుద్యోగులున్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు వినుటకు 2013 చట్టము జిల్లాలో స్థానిక సంఘము నేర్పరచినది. ఆ సంఘమెచ్చట కూర్చుండునో గ్రంథాలయపు గోడపై వ్రాసియుంచిన చూచితిమా?

అధికారులను తప్పుపట్టి యూరకుండుట న్యాయము కాదు గనుక, ఈ వ్యాసము వ్రాయుచు మా యింటి అటకను వెదకితిమి. గ్రంథాలయపు ముద్రగల సంపుటములు రెండు దొరకినవి. తీసికొని యెన్నేండ్లయినదో ముద్రలో నిప్పటికిని స్పష్టముగా నున్నది. ఆ రెంటి వెలయు నెవ్వరిచ్చుకొనిరో యడుగుటకు పోయితిమి. ఆనాటి గ్రంథపాలకుడు పదవీవిరమణ చేసి వెడలెనని చెప్పిరి.