కార్డు నంబరు వెనక పనితనం

సర్వర్‌లో ఉన్న నెట్‌వర్క్ కార్డు పీఎఫ్‌సెన్స్‌కో ఓపీఎన్‌సెన్స్‌కో సరిపోతుందా అని అడిగేవాళ్లు తరచూ బ్రాండు పేరు చెబుతారు. చూడాల్సింది లోపలి చిప్. ఆ రెండు ఫైర్‌వాల్‌ల కిందా ఉన్నది ఫ్రీబీఎస్‌డీ. అందులో ‘పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ’ కొడితే కార్డు గుట్టంతా బయటపడుతుంది. తయారీదారు 0ఎక్స్8086 అంటే ఇంటెల్, పరికరం 0ఎక్స్1521 అంటే ఐ350. వరస మొదట్లో ‘ఐజీబీ0’ అని ఉంటే డ్రైవర్ దొరికినట్టే. ‘నన్0’ అని ఉంటే దాన్ని ఏ డ్రైవరూ అందుకోలేదు. ఇంకా కొనకపోతే ఆ డ్రైవర్ మాన్యువల్ పేజీలో హార్డ్‌వేర్ జాబితా చూసుకోవాలి.

డ్రైవర్ దొరికినంత మాత్రాన అన్ని చిప్‌లూ ఒకటి కావు. ఎందుకో తెలియాలంటే రియల్‌టెక్ 8139 కోసం బిల్ పాల్ రాసిన ‘ఆర్ఎల్’ డ్రైవర్ సోర్స్ కోడ్ చదవాలి. 1990ల చివర్లో, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉండగా రాశారాయన. ఆ చిప్ ఎంత నాసిరకమో ఫైలు మొదట్లోనే మొహమాటం లేకుండా రాసిపెట్టి, ఆ తర్వాత దానితో ఓపిగ్గా పని చేయించారు.

కెర్నల్ ఒక ప్యాకెట్‌ను మెమరీలో ముక్కలుగా, ఎంబఫ్‌లనే చిన్న బఫర్ల గొలుసుగా ఉంచుకోవచ్చు. ఐ350 లాంటి చిప్ ఆ ముక్కల్ని ఉన్నచోటి నుంచే ఏరుకుంటుంది. 8139కి అది చేతకాదు. ఫ్రేమ్ మొత్తం ఒకేచోట, 4 బైట్ల హద్దు మీద మొదలవ్వాలి. పంపేందుకు ఉన్న గదులు నాలుగే. అందుకే పంపేటప్పుడు దాదాపు ప్రతిసారీ ప్యాకెట్‌ను కాపీ చేయక తప్పదు. వచ్చినవాటినీ చిప్ ఒకే బఫర్‌లో వరసగా పోస్తుంది, మళ్లీ కాపీ. రోజంతా ఇటువి అటు దాటించే ఫైర్‌వాల్‌కి ఈ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంటెల్ కార్డు పెట్టుకోమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఆ ‘ఆర్ఎల్’ డ్రైవర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు మరొకటుంది. చిన్న ఫ్రేమ్‌ను కనీస పొడవుకి 8139 చిప్ తనంతట తాను నింపదు. డ్రైవరే దాన్ని 60 బైట్లకు పెంచాలి. పొడవు అంకె మార్చి వదిలేసినా ఫ్రేమ్ వెళ్లిపోతుంది. కానీ ఆ ఖాళీలో అంతకుముందు ఆ మెమరీ వాడినవారిది ఏ పాస్‌వర్డు ముక్కో మిగిలి ఉండొచ్చు. అది తీగ మీదికి పోకూడదని, ఈ డ్రైవర్ పెంచిన ప్రతి బైటునూ ముందు సున్నాతో తుడిచి అప్పుడు పంపుతుంది.