ఉపమ కట్టే వేషాలు

గోదావరికి వరద వచ్చిందనుకోండి. 'ఏనుగుల మందలా గట్లు కూల్చుకుంటూ వచ్చింది' అంటే ఉపమ. గోదావరి ఉపమేయం, ఏనుగుల మంద ఉపమానం, గట్లు కూల్చడం రెండింటికీ ఉన్న సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఏ ఒక్కటి తీసేసినా లుప్తోపమ. ఇంతవరకు పదో తరగతి పిల్లలు కూడా గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. అసలు తమాషా ఆ తర్వాతే ఉంది.

'గోదావరి మదగజం గట్టును తన్నింది' అనండి. 'లా' పోయింది, నదీ ఏనుగూ ఒకటైపోయాయి: రూపకం. 'లంకల్ని తొక్కుతున్న ఆ నీళ్లు ఏనుగుల మందేమో!' అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. 'వరదా, ఏనుగులా?' అని ఎటూ తేలకపోతే సందేహం. ఆ హోరు విని పశులకాపరి ఏనుగులే అనుకుని చెట్టెక్కేస్తే భ్రాంతిమంతం. 'వరదెక్కడిదయ్యా, ఇవి ఏనుగులే' అని ఉన్నదాన్ని లేదనేస్తే అపహ్నుతి. ఇక నది పేరే ఎత్తకుండా 'రాత్రి ఏనుగుల మంద మా లంక మీద పడింది' అన్నారా, ఉపమానం ఉపమేయాన్ని అమాంతం మింగేసింది. అది రూపకాతిశయోక్తి. పోలిక ఒక్కటే, అలంకారాలు ఏడు!

ఉపమ ఒక్కతే నటి, కావ్యరంగం మీద ఇన్ని వేషాలు కట్టేది ఆవిడే అన్నాడు అప్పయ్య దీక్షితులు తన చిత్రమీమాంసలో. ఆ గ్రంథాన్ని చీల్చి చెండాడుతూ మన కోనసీమ ముంగండవాడు జగన్నాథ పండితరాయలు ఏకంగా ఖండనగ్రంథమే రాశాడు. తెలుగువాడు కదా అని నేను జగన్నాథుడి పక్షం చేరలేను. ఇంత విశాలమైన శాస్త్రాన్ని ఒక్క మాటలో చూపించినవాడికే నా ఓటు.

చరిత్ర మాటకొస్తే, భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్నవి నాలుగే అలంకారాలు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల కువలయానందం నాటికి అవి వంద దాటాయి. మధ్యలో దండి, భామహుడు, మమ్మటుడు పడ్డ తగాదాల జోలికి ఇప్పుడు పోను. ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాస్తూ ఉదాహరణలన్నీ కాకతి ప్రతాపరుద్రుడి మీదే తానే అల్లాడు. శాస్త్రానికి శాస్త్రం, స్తుతికి స్తుతి. అదే దారిలో రామరాజభూషణుడు నరసభూపాలీయాన్ని తెలుగులో చేశాడు. లక్షణం చెప్పినవాడే లక్ష్యమూ రాసి చూపించిన రోజులవి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

శబ్దాలంకారాలంటే పెదవి విరిచే విమర్శకులున్నారు. గారడీ అంటారు. నేను వాళ్ల జట్టు కాదు. 'మంద మందగమనంతో ఇల్లు చేరింది' అంటే ఛేకానుప్రాస: రెండు 'మంద'లూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి పశువులది, రెండోది నడకది. 'పాలకులు పాలకు ధర కట్టారు' అంటే యమకం. 'అదనులో కురిసిన వాన వాన' అంటే లాటానుప్రాస; మాటా అదే, అర్థమూ అదే, తాత్పర్యం మాత్రం వేరు. మొదటిది ఆకాశంలోంచి పడే నీరు, రెండోది రైతు ఎదురుచూసిన వాన. చెవికి ఇంపు ఒక్కటే అయితే గారడీయే. వ్యవసాయం మొత్తం నాలుగు మాటల్లో ఇమిడితే అది గారడీ ఎలా అవుతుంది?

శ్లేష దగ్గరికి వచ్చేసరికి నాకు పక్షపాతం ఇంకా ముదురుతుంది. 'సూర్యుడూ రాజూ కరాలతోనే లోకాన్ని తాకుతారు' అంటే ఒకరికి కిరణాలు, ఇంకొకరికి పన్నులు. ఇది ఒక వాక్యం మాట. పింగళి సూరన ఈ పనిని కావ్యం పొడుగునా చేశాడు. రాఘవపాండవీయంలో అవే అక్షరాలు రామాయణమూ చెబుతాయి, భారతమూ చెబుతాయి. మాటను విరవకుండానే రెండర్థాలు వస్తే అభంగశ్లేష, ఒక్కోసారి ఒక్కోచోట విరిస్తే సభంగశ్లేష. ఇలాంటి కావ్యం వేములవాడ భీమకవి ముందే రాశాడంటారు కానీ అది దొరకలేదు. తర్వాత రామరాజభూషణుడు హరిశ్చంద్రుణ్నీ నలుణ్నీ ఇలాగే ఒక్క కావ్యంలో నడిపించాడు.

కందుకూరి వీరేశలింగం కూడా తొలిరోజుల్లో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం రాశాడు. అచ్చతెలుగు, వచనం లేదు, పెదవులు కలిసే అక్షరం లేదు. 'అమ్మ' అనలేం, 'పాప' అనలేం, 'బడి' అనలేం. నలుడి కథంతా చెప్పాలి! ఆయనే ఆ దారి వదిలి వచనానికి మళ్లాడు, తెలుగుకు మేలే జరిగింది. కానీ ఆ వచనానికి అంత పట్టు ఈ సాము గరిడీలోనే వచ్చిందని నా నమ్మకం.

నకళ్లు ఆనాడూ ఉన్నాయి. రామరాజభూషణుడి వసుచరిత్రను చూసి వరసగా పుట్టుకొచ్చిన కావ్యాలకు లోకం 'పిల్ల వసుచరిత్రలు' అని పేరు పెట్టింది. అవి రాసినవాళ్లకు కనీసం ఛందస్సు వచ్చు. ఈనాటి వేదికల మీద చివర్లో రెండు మాటలు ఒకేలా మోగితే చాలు, 'ఏం ప్రాస!' అని చప్పట్లు. పద్యంలో ప్రాస కూర్చునేది పాదంలో రెండో అక్షరం దగ్గరని చెప్పబోతే ఛాందసుడంటారు. అనుకోనివ్వండి.

అసలు కోపం గైడ్ల మీద. లక్షణం, ఉదాహరణ, సమన్వయం, రెండు మార్కులు. ఉదాహరణ తరాల తరబడి అదే. దాన్ని మార్చి చూడండి, పిల్లవాడు నోరు తెరుస్తాడు. 'వలె', 'లా' కనిపిస్తే ఉపమ అని రాసేయమని చిట్కా ఒకటి! 'గవయం ఆవులా ఉంటుంది' అన్న వాక్యంలో పోలిక ఉంది కానీ చమత్కారం లేదు, కాబట్టి అది అలంకారమే కాదని శాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఆ ఒక్క ముక్క తరగతిలో చెబితే చాలు, సగం గైడ్లు అటకెక్కుతాయి.

అలంకారం అంటే నగలు, తీసి పక్కన పెట్టినా కవిత్వానికి లోటు లేదనే ఆధునికులకు జాషువా గబ్బిలం చూపిస్తాను. కాళిదాసు మేఘంతో సందేశం పంపాడు. జాషువా గబ్బిలంతో పంపాడు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి మొరను శివుడికి చేర్చాలంటే, ఆ గుడిలోనే తలకిందులుగా వేలాడే గబ్బిలానికి అడ్డెవరు? దూతను మార్చడంలోనే కావ్యమంతా ఉంది. ఇప్పుడు దాన్ని నగలా తీసి పక్కన పెట్టండి, ఏం మిగులుతుందో చూద్దాం.

ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నాదొక్కటే విన్నపం. విద్యానాథుడు చేసిన పనే పిల్లల చేత చేయించండి. 'నిర్వచించి ఉదాహరణ ఇవ్వండి' కొట్టేసి, మీ ఊరి చెరువు మీద ఒక ఉపమ, అదే చెరువు మీద ఒక అపహ్నుతి సొంతంగా రాయమనండి. తప్పు రాసినా అరమార్కు వేయండి. గైడ్లవాళ్లు దాన్నీ అచ్చేస్తారంటారా? రాష్ట్రంలో ఎన్ని చెరువులున్నాయో, అన్ని చెరువులకూ అచ్చేసుకోమనండి.