రేకు మీద చుక్కలు

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి నిట్‌లో, చదివినా, వరంగల్‌లో మరో ఇంజినీరింగ్ కాలేజీలో చదివినా టెన్సైల్ టెస్ట్ తప్పదు. రేకు ముక్కను యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్) గ్రిప్పుల్లో బిగించి తెగేదాకా లాగుతాం. తెగిన ముక్కలను ఒకదానికొకటి ఆనించి కొలుస్తాం. 50 మిల్లీమీటర్ల గేజ్ లెంగ్త్ 65 అయితే సాగుడు 30 శాతం. రికార్డులో రాసేస్తాం.

ఆ 30 వట్టి సగటు. రేకు ఒకచోట సన్నబడటం మొదలయ్యాక మిగతా భాగం సాగడం మానేస్తుంది, సాగుడంతా ఆ కొద్ది మిల్లీమీటర్లలోనే. అక్కడ సగటుకు రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. కారు తలుపు ప్రెస్ చేసేవాడికి కావలసింది ఆ అంకె. హైదరాబాద్ రోడ్డు మీది పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో ఉబ్బించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రేకు బిరుసెక్కితే కాల్చి మెత్తబరిచి మళ్లీ కొడతారు. చిరిగేది దెబ్బ పడినచోటే కదా!

సాగుడు కొలవడానికి రేకుకు తగిలించే ఎక్స్‌టెన్సోమీటర్ తను పట్టుకున్న రెండుచోట్ల మధ్య దూరమే చెబుతుంది. కెమెరా రేకు మొత్తాన్నీ చూస్తుంది. తెల్లరంగు పూసి, మీద నల్లచుక్కలు చిమ్మి, లాగుతున్నంతసేపూ ఫొటోలు తీస్తారు. ఫొటోను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడి ఎటు జరిగిందో చుక్కల అమరికను బట్టి కంప్యూటర్ లెక్కగడుతుంది. ఈ డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్‌కు 1980ల మొదట్లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో దారి పడింది. మెత్తని ఉక్కు లొంగేటప్పుడు ఏటవాలు పట్టీ ఒకటి రేకు పొడవునా పాకుతుంది. గ్రాఫులో దాదాపు అడ్డగీతగా చూసినదాన్ని అలా తెరమీద చూస్తే ఏ క్లాసైనా కాసేపు నోరు మూసుకుంటుంది.

కష్టమంతా చుక్కల దగ్గరే. ఫొటోలో చుక్క మూడు నుంచి ఐదు పిక్సెళ్లు ఉంటే మేలు. స్ప్రే డబ్బా నాజిల్ గట్టిగా నొక్కితే మరీ సన్నటి తుంపర, సగం నొక్కితే పెద్ద బొట్లు. రంగు పూసిన రోజే లాగాలి, ఎండి పెళుసెక్కితే పెచ్చులూడుతుంది.

ఒంటి కెమెరాతో ఇంకో తంటా. అర మీటరు దూరంలోని కెమెరా వైపు రేకు ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, సాగకుండానే 0.2 శాతం సాగినట్టు చూపిస్తుంది. లోహం లొంగిందనడానికి గుర్తుగా తీసుకునే ప్రూఫ్ స్ట్రెస్‌కు మనం పట్టుకునేదీ సరిగ్గా ఆ 0.2 శాతమే! కాస్త వంకర ఉన్న రేకు గ్రిప్పుల మధ్య నిటారవుతూ అంత జరగడం మామూలే. రెండు కెమెరాలు పెట్టాలి, లేదా ఉన్నదాన్ని బాగా దూరం జరపాలి.

అన్నీ కుదిరినా, గడి పెద్దదయ్యేకొద్దీ సన్నబడ్డచోటి అంకె తగ్గుతుంది. గడిలో వచ్చేదీ సగటే మరి. గడి ఎంతో, కెమెరా ఎంత దూరమో రాయని రికార్డు మీద నేను సంతకం పెట్టను.